గోపాలం కట్టిన ట్యాగు

నాలుగో చక్రం దగ్గర గోపాలం సుత్తి ఆగింది.

రోజూ పొద్దున్నే కుర్సీపార్ నుంచి సైకిల్ మీద వచ్చి, రామమోహనరావు ఇంటి వెనక షెడ్డు తలుపు తీసి, జీపు చుట్టూ ఒకసారి తిరిగి చక్రాల బోల్టులను చిన్న సుత్తితో తట్టి వినడం అతని అలవాటు. అది అయితే గాని టీ తాగడు. అతని తండ్రి రైల్వేలో, స్టేషన్లో బండి ఆగినప్పుడల్లా చక్రాలు కొట్టి చూసే పని చేసేవాడు. బిగువుగా ఉన్న ఇనుము గంటలా పలుకుతుందనీ, వదులైనది దగ్గుతుందనీ గోపాలం చిన్నప్పుడే ఆయన పక్కన నడుస్తూ నేర్చుకున్నాడు. ఇవాళ ఇరవై బోల్టులూ బాగానే పలికాయి. చివరి చక్రాన్ని కాస్త తిప్పి చూద్దామని భుజంతో జీపును నెట్టాడు. అది కదల్లేదు.

గేరు చూశాడు, తీసే ఉంది. హ్యాండ్‌బ్రేకు చూశాడు, వదిలే ఉంది. చక్రం కింది ఇటుక నిన్ననే తీసేశాడు. మళ్ళీ నెట్టాడు. నిన్న సాయంత్రం ఒక్క చేత్తో తోస్తే ఈ సిమెంటు నేల మీద చిన్నపిల్లల సైకిల్లా దొర్లిన బండి ఇవాళ నేలకు పాతినట్టు నిలబడింది. ఎడమ భుజంలో ఏదో పట్టేసినట్టయి గోపాలం ఆగాడు. జనవరి చలిలో కూడా మెడ మీద చెమట పట్టింది.

అతనికి అరవై ఆరేళ్ళు. బక్కపలచని మనిషి. మోచేతి నుంచి మణికట్టు దాకా పాత కాలిన మచ్చ నున్నగా మెరుస్తుంది. గోళ్ళ చివర నలుపు ఏ సబ్బుకీ పోలేదు. కుడి కంట్లో శుక్లం ముదిరింది. పాత బండ్ల ప్రదర్శన అయ్యాక ఆపరేషన్ చేయించుకుంటానని దీపావళి నుంచీ వాయిదా వేస్తున్నాడు. ఖాకీ చొక్కా జేబులో ఒక పెన్ను, ఒక స్క్రూడ్రైవరు, నాలుగైదు ఎర్ర అట్టముక్కలు ఎప్పుడూ ఉంటాయి.

జీపులోకి వంగి, డ్రైవరు కాళ్ళ దగ్గర నేలకు బిగించిన గుండ్రటి రేకు మూత విప్పాడు. దాని కింద బ్రేకు నూనె పోసే చోటు ఉంది. వేలు ముంచి తీసి, బొటనవేలితో రాసి చూశాడు. జిడ్డుగా జారింది. బ్రేకు నూనె అలా జారదు. పలచగా ఉండి, గీత పడిన చర్మానికి తగిలితే చురుక్కుమంటుంది.

టీ కోసం తెచ్చుకున్న స్టీలు గ్లాసులో కుండలోని నీళ్ళు పోశాడు. వేలి చివరి నుంచి ఒక చుక్క జార్చాడు. బ్రేకు నూనె అయితే నీళ్ళలో కలిసిపోవాలి. చుక్క కలవలేదు. పసుపు రంగు కాసులా గుండ్రంగా పైన తేలి, గ్లాసు అంచుకు చేరి నిలబడింది.

గోడకున్న చెక్క మీద రెండు డబ్బాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానిలో బ్రేకు నూనె, రెండోదానిలో జాకీకి పోసే ఆయిలు. నిన్న సాయంత్రం బ్రేకులో నూనె తగ్గిందని పోసింది తనే. చూసి పోశాననే అనుకున్నాడు. భిలాయి ఉక్కు ప్లాంటులో ముప్ఫయి నాలుగేళ్ళు పెద్ద పెద్ద ప్రెస్సులకు ఆయిలు పోసిన చెయ్యి అది. ఒత్తిడితో పనిచేసేదేదైనా దాని ఆహారం ఆయిలే అని ఆ చేతికి ఒక నమ్మకం. కన్ను మసకేసరికి చెయ్యి తనకు తెలిసిన డబ్బాను తీసుకుంది.

గోపాలం సిమెంటు నేల మీద కూర్చుండిపోయాడు.

ఆ ఆయిలు తగిలితే బ్రేకు లోపలి రబ్బర్లు తాగి ఉబ్బుతాయి. ఉబ్బినంతసేపూ బ్రేకు ముందుకంటే గట్టిగా పట్టుకుంటుంది. అందుకే జీపు కదలడం లేదు. ఎవరు నొక్కి చూసినా బ్రహ్మాండంగా ఉందనే అంటారు. కాని కాస్త వేడెక్కి, బరువు పడ్డాక, ఆ మెత్తబడిన రబ్బరు చిరిగిపోతుంది. అప్పుడు పెడలు నేల దాకా పోతుంది, కింద ఏమీ ఉండదు. అది పది నిమిషాల్లో జరగొచ్చు, పది రోజులకు జరగొచ్చు. బాగుచెయ్యాలంటే ఒక్క రబ్బరు కూడా ఉంచకుండా అన్నీ మార్చాలి. ఈ బండి రబ్బర్లు నాగపూర్‌లో ఒకే ఒక్క కొట్లో దొరుకుతాయి.

పదకొండు గంటలకు ఇదే జీపు మైదానంలో కట్టిన మట్టి దిబ్బ ఎక్కి దిగాలి. ఆరుగురు బడిపిల్లల్ని ఎక్కించుకుని.

ఇరవై రెండేళ్ళ కిందట రామమోహనరావు జబల్‌పూర్‌లో మిలిటరీ పాత సామాను వేలంలో ఈ జీపును కొన్నాడు. అప్పుడాయన ప్లాంటులో పెద్ద ఇంజనీరు. రెండో ప్రపంచ యుద్ధం నాటి బండి. లారీ మీంచి దింపినప్పుడు దానికి ఇంజను లేదు, సీట్లు లేవు, డాష్‌బోర్డు వెనక పిచుక గూడు ఉంది. కాగితాలు రామమోహనరావు పేరు మీద, ఆదివారాలన్నీ గోపాలం పేరు మీద. రాయ్‌పూర్ పాత ఇనుము సందుల్లో ఇద్దరూ కలిసి తిరిగారు. కుమ్హారి దగ్గర ధాబాలో దీపంగా వేలాడుతున్న హెడ్‌లైటును గుర్తుపట్టి, రెండు పూటలు అక్కడే తిని యజమానిని బతిమాలి తెచ్చుకున్నారు. ఆకుపచ్చ రంగు సరైన ఛాయ వచ్చేదాకా నాలుగుసార్లు గీకి నాలుగుసార్లు వేశారు. నాగపూర్ ప్రదర్శనకు వెళ్ళింది, జబల్‌పూర్ వెళ్ళింది. సొంత ఊళ్ళో ప్రదర్శన మాత్రం ఇదే మొదలు. జీపు ముందు నిలబెట్టే బోర్డు మీద యజమాని పేరు ఒక్కటే ఉంటుంది. తన పేరు లేదని గోపాలం ఎప్పుడూ అనలేదు. అతని భార్య సత్యలక్ష్మి మాత్రం రెండుసార్లు అంది.

చెప్పెయ్యాలి, అంతే. గోపాలం లేచి ఇంటి ముందువైపు వెళ్ళాడు.

వరండాలో రామమోహనరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తెల్లటి మీసాలు దువ్వుకుని, చేతికర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవరో పత్రికతను ఫోటో తీస్తున్నాడు.

"ఇదిగో, వచ్చాడు మా గోపాలం. రాసుకోండి. ఈయన చెయ్యి పడితే ఇంక ఆ బండిని మళ్ళీ చూడక్కర్లేదు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా నడిరోడ్డు మీద ఆగలేదు. ఏం గోపాలం, రెడీయేనా?"

గోపాలం నోరు తెరిచాడు. పత్రికతను ఫోను అతని వైపు తిప్పాడు.

"రెడీయే సార్," అన్నాడు గోపాలం.

వెంటనే షెడ్డుకు తిరిగి వెళ్ళాడు. చక్రాల వెనక ఉన్న చిన్న మరలు వదులు చేసి, లోపలి ఒత్తిడి కాస్త బయటికి వదిలాడు. రెండేసి చుక్కల నూనె నేల మీద పడింది. ఈసారి తోస్తే జీపు కదిలింది. మైదానం దాకానే కదా, చదును రోడ్డే కదా అనుకున్నాడు. అక్కడికెళ్ళాక చెప్పొచ్చు.

రామమోహనరావు కొడుకు నరేంద్ర జీపు నడిపాడు. నలభై ఏళ్ళవాడు, భిలాయిలోనే పుట్టి పెరిగాడు. గోపాలం పక్క సీట్లో కూర్చుని, డాష్‌బోర్డు మధ్యలో ఉన్న హ్యాండ్‌బ్రేకు పిడి మీద చెయ్యి వేసి ఉంచాడు. రెండు కిలోమీటర్లూ ఆ చెయ్యి తియ్యలేదు.

"అంకుల్, ఏంటి భయమా? నా డ్రైవింగ్ మీద భరోసా లేదా?"

"మెల్లగా పోనీ బాబూ. తొందరేటి."

చౌరస్తా దగ్గర ఒక ఆవు అడ్డొచ్చింది. నరేంద్ర బ్రేకు నొక్కాడు. జీపు గోడకు కొట్టుకున్నట్టు ఆగింది. వెనక వస్తున్న స్కూటరతను తిట్టాడు.

"అరే వాహ్! క్యా బ్రేక్ హై! ఏం చేశారు అంకుల్ దీనికి?"

గోపాలం అరచేతిలో చెమటకు హ్యాండ్‌బ్రేకు పిడి జారింది. ప్యాంటుకు తుడుచుకుని మళ్ళీ పట్టుకున్నాడు.

మైదానంలో అప్పటికే బండ్లు బారులు తీరి ఉన్నాయి. రాయ్‌పూర్ నుంచి పక్క తొట్టె ఉన్న మోటారు సైకిలు, నాగపూర్ నుంచి ఎర్ర శిలువ గుర్తున్న పాత అంబులెన్సు, ఫిరంగులు లాగే పెద్ద లారీ ఒకటి. వాటి యజమానులు తెచ్చుకున్న గుడ్డలతో ఉన్న మెరుపునే మళ్ళీ తుడుస్తున్నారు. మధ్యలో ఎర్రమట్టి పోసి రెండు నిలువుల ఎత్తు దిబ్బ కట్టారు. ఒకవైపు ఎక్కి రెండోవైపు దిగాలి. దిగే వైపు, తాడు కట్టిన అవతల, దరీలు పరిచి బడిపిల్లల్ని కూర్చోబెట్టారు. తాడుకూ దిబ్బకూ మధ్య జాగా ఎంతుందో గోపాలం అడుగులతో కొలిచాడు. పద్నాలుగు అడుగులు.

ముందు ఖాళీ బండితో ఒకసారి అన్నాడు మైకు పట్టుకున్నతను. గోపాలం కాళ్ళు ముందుకు పడేలోగా నరేంద్ర జీపును దిబ్బ ఎక్కించాడు. పైన ఒక్క క్షణం ఆపాడు. ఆకాశం ముందు ఆకుపచ్చ జీపు బొమ్మలా నిలిచింది. తరవాత వాలు దిగింది. బ్రేకు పట్టింది. జీపు తాడుకు చాలా ఇవతలే ఆగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో రామమోహనరావు కర్ర ఎత్తి ఊపాడు.

గోపాలం వెళ్ళి ముందు చక్రం మధ్యలో చెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడు. పెనంలా కాలుతోంది. చక్రం దగ్గర వంగితే సన్నటి వాసన, కాలుతున్న రబ్బరుది. చుట్టూ చూశాడు. ఆ వాసన ఇంకెవరికీ అందినట్టు లేదు.

అప్పటికే పిల్లల్ని ఎక్కిస్తున్నారు. అందరికంటే ముందు ఎక్కి, చేతిలో కాగితం జెండాతో కూర్చున్నది నరేంద్ర కూతురు ఛాయ. ఎనిమిదేళ్ళది.

"తాతా, నేను సబ్ సే ఆగే!" అని అరిచింది గోపాలాన్ని చూసి.

గోపాలం జేబులోంచి ఒక ఎర్ర అట్ట తీశాడు. జీపు బానెట్ మీద పెట్టి రాశాడు. మసక కంటికి అక్షరాలు వంకరపోయాయి. రాసిందాన్ని ఒకసారి చదువుకుని, స్టీరింగుకు దారంతో రెండు ముళ్ళు వేసి కట్టాడు.

అది ప్లాంటులో వాడే ట్యాగు. 'పని జరుగుతోంది, నడపరాదు' అని హిందీలో అచ్చువేసి ఉంటుంది. కింద కట్టినవాడి పేరు, కారణం, కట్టిన సమయం, తీసిన సమయం. యంత్రానికి అది కట్టి ఉంటే ఎంత పెద్ద ఆఫీసరైనా స్విచ్చు వెయ్యడు. కట్టినవాడే వచ్చి తియ్యాలి. రిటైరైనా గోపాలానికి ఆ అలవాటు పోలేదు. ఒకసారి ఇంట్లో గ్యాసు గొట్టం వాసన వస్తోందని పొయ్యికి ట్యాగు కట్టి కొత్త గొట్టం కొనడానికి వెళ్ళాడు. ఆదివారం కొట్లు మూసి ఉంటే జాముల్ దాకా పోయి సాయంత్రానికి వచ్చాడు. అప్పటికే పక్కింటివాళ్ళు కొత్త గొట్టం తెచ్చి ఇచ్చినా, సత్యలక్ష్మి ఆ ట్యాగు ముట్టుకోలేదు. పకోడీలు తిని కూర్చుంది. ఆ సంగతి వీధంతా ఏడాదిపాటు చెప్పుకుని నవ్వారు.

"ఏంటి అంకుల్ ఇది?" నరేంద్ర గొంతు తగ్గించి అన్నాడు. "సబ్ లోగ్ దేఖ్ రహే హైఁ, అందరూ చూస్తున్నారు."

"పిల్లల్ని దించీయ్ బాబూ."

"ఎందుకు? బ్రేక్ ఇప్పుడే కదా చూశారు? ఏక్‌దమ్ టైట్ ఉంది."

"టైటుగున్నాది కాబట్టే సెప్తన్నాను. దించీయ్."

మైకతను నరేంద్ర పేరు పిలుస్తున్నాడు. రామమోహనరావు కర్ర ఊతంతో వచ్చాడు. ట్యాగు చూశాడు. కళ్ళజోడు సవరించుకుని దాని మీద రాసింది చదివాడు. చదివాక ముఖం మారింది.

"తప్పు నూనె అని రాశావు. ఎవరు పోశారు?"

"నానే సార్. జాకీ నూని పోసీసేను, నిన్న సాయంత్రం."

"ఎప్పుడు తెలిసింది?"

"పొద్దున్న."

"పొద్దున్న తెలిసి, నన్ను చూసి రెడీ అన్నావా?"

"అన్నాను సార్."

"నడిపించుకుని ఇక్కడిదాకా తెచ్చావా? దిబ్బ కూడా ఎక్కనిచ్చావా?"

గోపాలం తల ఊపాడు. ఎడమ చెయ్యి మొద్దుబారినట్టుంది. దాన్ని కుడిచేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"నా మనవరాలు కూర్చుంది గోపాలం అందులో."

"ఆ గుంట కూకోపోయినా కట్టాల్సిందే సార్. పొద్దున్నే కట్టాల్సింది. నోరు రాలేదు."

నరేంద్రకు సహనం పోయింది. "పప్పా, ఒక్కటే రౌండ్. ఫస్ట్ గేర్‌లో దించేస్తా. ఏం కాదు." అని ట్యాగు మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకోకు!"

ఆ కేకకు మైకతను కూడా ఆగిపోయాడు. రామమోహనరావు కర్ర నరేంద్ర చేతికీ స్టీరింగుకూ మధ్య అడ్డంగా ఉంది.

ముప్ఫయి ఏళ్ళ కిందట, గోపాలం విభాగానికి కొత్తగా బదిలీ అయి వచ్చిన రామమోహనరావే ఒకసారి ఇలాగే ఒక ట్యాగు మీద చెయ్యి వేశాడు. కట్టినతను దాన్ని తియ్యడం మరిచిపోయి ఉతైలో ఇంటికి వెళ్ళిపోయాడు. పని అయిపోయింది, యంత్రం బాగానే ఉంది, తీసి పారేస్తే సరిపోయేది. గోపాలం అడ్డం నిలబడ్డాడు. రామమోహనరావు అరిచాడు, బెదిరించాడు, సస్పెండు చేయిస్తానన్నాడు. గోపాలం చేతులు కట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఉతై నుంచి ఆ మనిషిని సైకిల్ మీద తీసుకురావడానికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటల్లో మాటల్లేక మాటలు మొదలై, ఇద్దరికీ పాత బండ్లంటే పిచ్చని తేలింది.

"కట్టినవాడే తియ్యాలి," అన్నాడు రామమోహనరావు. "పిల్లల్ని దించు."

ఒక్కొక్కరినీ దించారు. ఛాయ దిగనని ఏడ్చింది. మైకతను హిందీలో, ముసలి జీపు గారికి ఒంట్లో బాగులేదట, విశ్రాంతి తీసుకుంటున్నారు అన్నాడు. మైదానమంతా నవ్వింది. జీపును నలుగురు తోసుకెళ్ళి బోర్డు వెనక నిలబెట్టారు. రామమోహనరావు గోపాలం వైపు చూడకుండా వెళ్ళి ముందు వరసలో తన కుర్చీలో కూర్చున్నాడు. అంబులెన్సు దిబ్బ ఎక్కుతుంటే ఆయన వెనక్కి తిరగలేదు.

గోపాలం జీపు వెనక ఇనప స్టూలు మీద కూర్చుని చక్రానికి వీపు ఆనించాడు. సుత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. కాసేపటికి ఛాయ జెండా ఊపుకుంటూ వచ్చింది. ఏడుపు ఆగింది గాని ముక్కు ఎర్రగా ఉంది.

"తాతా, జీప్ బీమార్ హై క్యా?"

"అవునమ్మా. నాను తప్పు మందు పోసీసేను."

"డాక్టర్‌ని పిలవాలి కదా?"

"ఆ డాక్టర్ని నానే."

ఆ పిల్లకు అది చాలా పెద్ద జోకు. పకపకా నవ్వి, జెండాను జీపు వెనక కొక్కేనికి గుచ్చి పరిగెత్తింది.

ఒంటిగంటకు సత్యలక్ష్మి ఆటో దిగి టిఫిన్ క్యారేజీతో వచ్చింది. ముందు జీపును చూసింది, తరవాత మొగుణ్ణి.

"ఏటి, ఇక్కడా కట్టీసేవా? నీ ట్యాగు తప్పించుకున్న వస్తువేదైనా ఉన్నాదేటి ఈ ఊర్లో? ఆలికే కట్టలేదు ఇంకా."

"నీకు కడితే మరి ఇప్పీవోడెవడు?"

"ఓలమ్మో, మాటలు సూడు. ఏటలా సెమట్లు పట్టీసేయి? తిను, బేగి."

"తింటాను. ముందు నువ్వెళ్ళి సార్‌తో ఓ మాట సెప్పు. రేపు పొద్దున్న రైలుకి నాగపూర్ ఎల్లి రబ్బర్లు తెస్తానని. నాలుగు రోజుల్లో బాగుసేసి నానే ట్యాగు తీస్తానని సెప్పు."

"నీకు నోరు లేదేటి?"

"పొద్దున్న నుంచీ నేదు."

ఆమె అతని ముఖంలోకి ఒకసారి చూసి, క్యారేజీని అతని కాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళింది. రామమోహనరావు కర్ర మీద గడ్డం ఆనించి కూర్చుని ఉన్నాడు. ఆమె చెప్పింది విన్నాడు.

"ఒక్కడూ ఏం వెళ్తాడమ్మా ఆ కంటితో," అన్నాడు. "ఏ రబ్బరో కనిపిస్తుందా వాడికి? ఇద్దరం వెళ్తామని చెప్పు. టికెట్లు నేను తీస్తాను. ఇంకో మాట కూడా చెప్పు. ఆ బోర్డు మీద వాడి పేరు నేను ఇన్నేళ్ళు ఎందుకు రాయించలేదో నాకే తెలీదు. వచ్చేవారం రాయిస్తానని చెప్పు."

సత్యలక్ష్మి నవ్వు ఆపుకుంటూ జనాల మధ్యలోంచి తొందరగా నడిచి వచ్చింది. గోపాలం అలాగే స్టూలు మీద, చక్రానికి ఆనుకుని ఉన్నాడు. క్యారేజీ మూత తియ్యలేదు. సుత్తి ఒళ్ళోంచి జారి గడ్డిలో పడింది.

ఆమె ఆ మాట చెప్పింది. అతను పలకలేదు. దగ్గరికి వంగి, భుజం మీద చెయ్యి వేసి, నాగపూరుకి ఇద్దరూ ఎళ్తారట, బోర్డు మీద నీ పేరు రాయిస్తారట అని మళ్ళీ చెప్పింది. మైదానంలో లారీ దిబ్బ దిగినట్టుంది, పిల్లలు చప్పట్లు కొడుతున్నారు.

గోపాలం పెద్దకర్మ అయ్యాక, ఫిబ్రవరిలో రామమోహనరావు ఒక్కడే నాగపూర్ వెళ్ళి రబ్బర్లు తెచ్చాడు. ఒక మెకానిక్కు పాతవన్నీ తీసి, గొట్టాలు కడిగి, కొత్తవి వేశాడు. బండి నడిపి చూడాలి సార్, ఈ అట్ట తీసెయ్యమంటారా అని అడిగాడు. రామమోహనరావు వద్దన్నాడు. రెండోసారి అడిగాక సత్యలక్ష్మిని పిలిపించాడు. ఆమె షెడ్డులోకి వచ్చి, స్టీరింగు దగ్గర నిలబడి, ఆ వంకర అక్షరాల మీద వేలు పెట్టి చూసి, కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

జీపు ముందు కొత్త బోర్డు ఉంది, రెండు పేర్లతో. స్టీరింగుకు ఎర్ర అట్ట రెండు ముళ్ళతో అలాగే వేలాడుతోంది. కట్టిన సమయం పదకొండూ పది అని ఉంది. దాని కింద, తీసిన సమయం అన్న చోట గీత ఖాళీగా ఉంది.